పసిబిడ్డకు మరుగుదొడ్డి అలవాటు: ఎప్పుడు మొదలుపెట్టవలెను?

పంచాయతీ సభలో చర్చింపవలసిన విషయములు ఏవి యని అడిగినచో వీధి దీపములు, మంచినీటి కుళాయిలు, మురుగు కాలువలు, రోడ్లు అని మన సభ్యులు తడుముకొనక చెప్పగలరు. రెండేండ్ల బిడ్డకు మరుగుదొడ్డి అలవాటు ఎప్పుడు నేర్పవలెనను ప్రశ్న ఆ పట్టికలో చేరునా యని కొందరికి సందేహము కలుగవచ్చును. అది తల్లుల పని, ఇంటి లోపలి పని, దానితో పంచాయతీకేమి సంబంధమని అడుగువారును ఉందురు. ఆ సంబంధమును చూపుటకును, ఆ ప్రశ్నకు నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్న సమాధానమును సభ్యుల ముందుంచుటకును ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

శ్రీకాకుళము జిల్లాలోని ఆమదాలవలస ప్రాంతమునే తీసికొందము. హౌరా - చెన్నై రైలుమార్గముపై "శ్రీకాకుళం రోడ్" అను పేరుగల స్టేషను ఉన్న ఊరు ఇదియే. ఊరు పురపాలక సంఘము క్రింద నున్నను, చుట్టునున్న మండల గ్రామములు పంచాయతీల క్రిందివి. వరి పండించు రైతులు, కూలి కుటుంబములు, పనులకై దూర పట్టణములకు పోయి వచ్చువారు ఈ గ్రామములలో నివసించుచున్నారు. 2014 అక్టోబరు 2న ఆరంభమైన స్వచ్ఛ భారత్ కార్యక్రమము క్రింద అర్హతగల కుటుంబమునకు 12,000 రూపాయల ప్రోత్సాహకము లభించుటచే, జిల్లాలోని అనేక గృహములలో మరుగుదొడ్లు నిర్మాణమైనవి. 2019 అక్టోబరు 2న దేశములోని గ్రామములు బహిరంగ మలవిసర్జన లేనివిగా ప్రకటింపబడినవి.

అయినను ఒక్క ప్రశ్న మిగిలియున్నది. ఇంటిలో అందరికంటె చిన్నవాని సంగతి ఏమి? మూడేండ్ల లోపు బిడ్డ వాకిటనో, వీధి కాలువ అంచుననో, పెరటి గోడ మూలనో కూర్చుండుట ఎన్నో గ్రామములలో కనబడునట్టి దృశ్యము. తల్లి దానిని ఎండుటాకుతో తీసి పెంటకుప్పపై వేయును, లేక చెంబెడు నీళ్లు పోసి కాలువలోనికి నెట్టును. "గుంటడికేటి తెలుస్తాది, పెద్దయితే వాడే నేర్చుకుంటాడు" అని పెద్దలు సరిపెట్టుకొందురు. ఇంటిలో మరుగుదొడ్డి ఉన్నను, ఆ బిడ్డ విషయములో ఆ ఇల్లు ఇంకను బయటికే పోవుచున్నదని చెప్పక తప్పదు.

పసిపిల్లల మలము అపాయకరము కాదా?

పాలు త్రాగు బిడ్డ మలములో దోషము లేదని మన గ్రామములందు ఒక నమ్మకము కలదు. వాసన తక్కువ, పరిమాణము తక్కువ కనుక ఈ నమ్మకము పుట్టినది. కాని వ్యాధి క్రిములకు వయోభేదము లేదు. పసిపిల్లలకు అతిసారము, నులిపురుగుల బాధ పెద్దలకంటె తరచుగా కలుగును. అందువలన వారి మలములో రోగక్రిములు ఉండుటకు అవకాశము ఎక్కువయే గాని తక్కువ కాదు.

ఏలికపాముల గ్రుడ్లు మలముతో కూడ నేలపై పడి, కొన్ని వారములలో పరిపక్వమై, తడి నేలలో నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరముల తరబడి జీవించియుండును. ఆ మట్టిలో ఆడుకొను పిల్లల గోళ్ల ద్వారా అవి నోటిలోనికి పోవును. కొంకిపురుగుల పిల్లలు ఉత్తకాళ్లతో నడచువారి పాదముల చర్మమును తొలుచుకొని శరీరములో ప్రవేశించును. ఇవి రక్తమును హరించి బిడ్డను పాలిపోవునట్లు చేయును. ఒకనాడు మన పిల్లలను కుంటివారిని చేసిన పోలియో వ్యాధి క్రిమి సైతము ముఖ్యముగా మలము ద్వారానే వ్యాపించెడిది. చుక్కల మందు పట్టుదలతో వేయించుటచే 2014 మార్చి 27న మన దేశము పోలియో లేని ప్రాంతములో చేరినట్లు ధ్రువీకరింపబడినది.

వర్షకాలములో ఈ అపాయము హెచ్చును. వీధిలో పడినది కాలువకు, కాలువలోనిది చెరువుకు, చెరువు గట్టున నున్న బోరింగు పళ్లెము చుట్టును చేరును. ఒక్క ఇంటి బిడ్డ మలము పది ఇండ్లవారి నీటిలోనికి రాగలదు. కనుకనే ఇది ఇంటి లోపలి పని మాత్రమే కాదు.

కావున బిడ్డకు అలవాటు నేర్పు వయస్సు రాకముందును ఒక పని చేయవలసియున్నది. పుట్టిన నాటినుండియు బిడ్డ మలమును ఎత్తి మరుగుదొడ్డిలో వేయవలెను. పొత్తిగుడ్డలు ఉతికిన మొదటి నీటిని సైతము అందులోనే పోయవలెను. పిమ్మట బిడ్డను కడిగిన చేతులను సబ్బుతో శుభ్రము చేసికొనవలెను. మరుగుదొడ్డి ఇంకను లేని కుటుంబమువారు నీటి వసతులకు దూరముగా గొయ్యి తీసి పూడ్చవలెను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పసిపిల్లల మలమును ఎక్కడ వేయుచున్నారని ప్రత్యేకముగా ప్రశ్నించుట ఈ కారణముచేతనే.

పాత ఆచారము, కొత్త పరిశీలన

మన అవ్వలకు ఈ విషయమున ఒక పద్ధతి కలదు. కాళ్లు చాచి కూర్చుండి, రెండు పాదముల నడుమ బిడ్డను కూర్చుండబెట్టి, నోటితో "ఉస్" అను శబ్దము చేయుదురు. కొన్ని దినములకు ఆ శబ్దము వినగానే బిడ్డ మూత్రము విడుచును. నిద్ర లేవగానే, పాలు త్రాగిన కొంతసేపటికి బిడ్డను ఇట్లు కూర్చుండబెట్టుట ఎంతో తెలివిగల పని. పొత్తిగుడ్డలు ఆదా యగును, ఇల్లు శుభ్రముగా నుండును. మన దేశములోనే గాక ఇతర దేశములలోను ఈ రీతి కలదు. తూర్పు ఆఫ్రికాలోని కెన్యా దేశపు డిగో జాతివారు బిడ్డ పుట్టిన కొద్ది వారములకే ఇట్టి అలవాటు చేయుచుండిరని 1977లో ప్రచురింపబడిన ఒక పరిశీలన తెలుపుచున్నది.

అయితే ఈ పద్ధతిలో వేళ గుర్తించునది తల్లి, బిడ్డ కాదు. తల్లి పొలమునకు పోయిన నాడు, అవ్వ ఊరికి పోయిన నాడు ఆ అలవాటు నిలువదు. బిడ్డ తనకు వచ్చుచున్న సంగతిని తానే తెలిసికొని, కొంతసేపు ఆపుకొని, తగిన చోటికి పోవుట వేరొక మెట్టు. ఆ మెట్టు ఎక్కుటకు దేహమును, బుద్ధియు ఎదుగవలెను.

ఈ భేదమును గుర్తింపక పాశ్చాత్య దేశములలో సైతము కొంతకాలము పొరబడిరి. 1920, 1930 దశకములలో అమెరికాలో బిడ్డకు మొదటి సంవత్సరములోనే గడియారము చూచి కఠినముగా శిక్షణ నీయవలెనను బోధ ప్రబలముగా నుండెను. బిడ్డలు మొరాయించిరి, తల్లులు విసిగిరి. పిమ్మట టి. బెర్రీ బ్రాజెల్టన్ అను శిశువైద్యుడు, పది సంవత్సరముల కాలములో తాను చూచిన 1,170 మంది పిల్లల విషయమును 1962లో ప్రచురించెను. బిడ్డ సిద్ధపడిన సూచనలను కనిపెట్టి, బలవంతము లేక, మెట్టు మెట్టుగా నేర్పవలెనని ఆయన సూచించెను. ఏడాదిన్నర ప్రాంతమున మెల్లగా ఆరంభించిన ఆ పిల్లలు సగటున 28 నెలలు దాటిన పిమ్మట పగటి వేళ అలవాటును పూర్తిగా పట్టుకొనిరి. 2003లో ప్రచురింపబడిన మరియొక అమెరికా పరిశీలనలో, 27 నెలలకు పూర్వమే గట్టిగా శిక్షణ మొదలుపెట్టినందువలన అది ముందుగా ముగియలేదని తేలినది. పచ్చికాయను కోసి మాగవేసినంత మాత్రమున తీపి రాదు గదా!

దీనివలన మన అవ్వల పద్ధతిని విడువవలెనని అర్థము కాదు. దానిని సంతోషముగా కొనసాగింపవచ్చును. కాని ఏడాది బిడ్డ గుడ్డ తడిపినాడని కోపించుటయు, ఎదురింటి బిడ్డతో పోల్చి దెప్పుటయు అన్యాయమని మాత్రము గ్రహింపవలెను.

బిడ్డ సిద్ధపడినాడనుటకు గుర్తులు

వయస్సు ఒక్కటియే కొలత కాదు. సామాన్యముగా పద్దెనిమిది నెలలకును మూడేండ్లకును నడుమ పిల్లలు సిద్ధపడుదురు. ఆడపిల్లలు కొందరు కొంచెము ముందుగా నేర్చుకొందురు. ఒకే తల్లి బిడ్డలలో సైతము ఆరు నెలల తేడా ఉండవచ్చును. ఈ క్రింది గుర్తులలో పెక్కు కనబడినచో ఆరంభింపవచ్చును.

1. పగటివేళ రెండు గంటలసేపు గుడ్డ తడుపకుండుట, లేక మధ్యాహ్నపు నిద్ర నుండి పొడిగా లేచుట. మూత్రాశయము కొంత నిలువ చేయగల స్థితికి వచ్చినదనుటకు ఇది గుర్తు.

2. బాగుగా నడచి, గొంతుకూర్చుండి, తనంతట లేవగలుగుట.

3. చెడ్డీని క్రిందికి లాగుకొనుటకు ప్రయత్నించుట.

4. "చెంబు తెచ్చి ఇక్కడ పెట్టు" వంటి రెండు చిన్న పనులు కలిసిన మాటను గ్రహించుట.

5. వచ్చుచున్న సంగతిని మాటతోనో సైగతోనో తెలుపుట. తలుపు చాటునకు పోయి ముక్కుట, ఆటలో ఒక్కసారి నిలిచిపోవుట, మొగము ఎర్రబడుట సైతము తెలుపుటయే.

6. తడిసిన గుడ్డయందు అసహ్యము పుట్టి తీసివేయమని అడుగుట.

7. అన్న, అక్క మరుగుదొడ్డికి పోవునపుడు వెంటబడుట, వారివలె చేయబోవుట.

8. ఇంచుమించు ఒకే వేళకు మలవిసర్జన జరుగుట.

అన్నియు ఒకేసారి కనబడవలెనను నియమము లేదు. ఒక్కటియు కనబడనపుడు మాత్రము ఆగవలెను. నెల ఆగి మరల చూడవలెను. నడక, మాట ఆలస్యమైన పిల్లలకు ఇంకను వ్యవధి ఈయవలెను. అట్టివారిని 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము వైద్య బృందమునకు చూపుట మంచిది.

ఏ కాలమున మొదలుపెట్టరాదు?

బిడ్డ సిద్ధముగా నున్నను ఇల్లు సిద్ధముగా లేని సమయములు కొన్ని కలవు. జ్వరము, విరేచనములు, మలబద్ధము ఉన్నప్పుడు మొదలుపెట్టరాదు. తల్లికి మరల కాన్పు అయిన నెలలో బిడ్డ బెంగతో నుండును. ఆ సమయమును దాటనీయవలెను. తల్లిదండ్రులు పనికై వలసపోయి, బిడ్డను నాయనమ్మ వద్దనో అమ్మమ్మ వద్దనో విడిచిన మొదటి వారములు ఎంతమాత్రము తగవు. తల్లి కనబడని దుఃఖములో నున్న బిడ్డకు కొత్త కట్టుబాటు భారమగును. అప్పటికే వచ్చిన అలవాటు సైతము ఈ సందర్భములలో తప్పుట కలదు. అది మొండితనము కాదు. ఓర్చుకొన్నచో మరల వచ్చును.

మన ప్రాంతమున వ్యవసాయపు పనులనుబట్టి కూడ ఆలోచింపవలెను. వరి ఊడ్పుల కాలమునను, కోతల కాలమునను తల్లులు తెల్లవారకమునుపే పొలమునకు పోవుదురు. ఆ దినములలో బిడ్డను కనిపెట్టి యుండువారు లేరు. రెండు మూడు వారములపాటు ఇంటిలో ఒకరైనను తీరికగా నుండు కాలమును ఎన్నుకొనవలెను. వేసవి దినములు ఇందుకు అనుకూలము. గుడ్డలు త్వరగా ఆరును, బిడ్డకు పలుచని చెడ్డీ చాలును.

నేర్పు విధానము

మొదట ఒక మాట స్థిరపరచుకొనవలెను. "ఒంటికి, రెంటికి" యనియో, ఇంటిలో వాడుకలో నున్న మరి ఏ మాటయో కానిండు. తల్లి, తండ్రి, అవ్వ, అంగన్‌వాడీ ఆయా అందరును ఒకే మాట వాడవలెను. ఒకరు ఒకటి, వేరొకరు వేరొకటి అన్నచో బిడ్డ తికమకపడును.

పిదప ఒక చోటు స్థిరపరచవలెను. పట్టణములలో అమ్ముచున్న ప్లాస్టికు పాటీ కొనవచ్చును. కొనలేనివారు చదునైన అడుగుగల పాత గిన్నెనో పళ్లెమునో ఇందుకే ప్రత్యేకించి మరుగుదొడ్డి గుమ్మము ప్రక్కన ఉంచవచ్చును. బిడ్డ పాదములు నేలకు ఆనవలెను. గొంతుకూర్చుండుట మన పిల్లలకు సహజము, మలము సులభముగా వెలువడుటకు అనుకూలము. మొదట కొన్ని దినములు గుడ్డలు విప్పకయే ఆడుకొనుచు కూర్చుండనీయవలెను. అందులో పడిన దానిని బిడ్డ చూచుచుండగా మరుగుదొడ్డిలో పోసి నీరు కొట్టవలెను. అది చేరవలసిన చోటు ఇదియని బిడ్డకు ఇట్లు తెలియును.

అన్నము తిన్న పదిహేను, ఇరువది నిమిషములకు ప్రేగులు కదలుట దేహధర్మము. కనుక ఉదయము తిన్న పిమ్మట, నిద్ర లేచిన పిమ్మట, స్నానమునకు ముందు బిడ్డను కూర్చుండబెట్టవలెను. ఐదు నిమిషములు చాలును. రాకున్నచో లేపవలెను. గంటల తరబడి కూర్చుండబెట్టుట శిక్షయే యగును.

వచ్చినపుడు "బాగు" అని ఒక మాట, ఒక నవ్వు చాలును. రానప్పుడును, చెడ్డీలో అయిపోయినపుడును కోపింపక శుభ్రము చేయవలెను. కొట్టుట, గిల్లుట, వాతపెట్టుదునని బెదరించుట, నలుగురిలో నవ్వుట వలన బిడ్డ నేర్చుకొనునది ఒక్కటే: మలమును ఆపుకొనుట. ఆపుకొన్న మలము గట్టిపడును. గట్టిపడినది వెలువడునపుడు నొప్పి కలుగును. ఆ నొప్పికి భయపడి బిడ్డ మరల ఆపుకొనును. మూడు నెలలలో ముగియవలసిన పని ఈ చక్రములో పడి సంవత్సరము సాగును. దెబ్బలవలన త్వరపడినట్లు తోచినను, నిజమునకు ఆలస్యమే యగుచున్నది.

మలబద్ధము రాకుండుటకు తగినంత నీరు, ఆకుకూరలు, పప్పు, అరటిపండు, బొప్పాయి బిడ్డ ఆహారములో నుండవలెను. దుకాణములలోని పొట్లపు తినుబండారములతో కడుపు నింపుట మానవలెను.

ప్రతిసారియు చేతులు సబ్బుతో కడుగుటను శిక్షణలో ఒక భాగముగా చేయవలెను. ఆడపిల్లలను ముందునుండి వెనుకకు కడుగవలెను. అట్లు చేయుటవలన మలములోని క్రిములు మూత్రద్వారమునకు అంటవు.

పగటి అలవాటు కుదిరినను రాత్రి పక్క తడుపుట కొంతకాలము జరుగును. ఐదేండ్ల వరకు దీనిని వ్యాధిగా భావింపవలసిన పనిలేదు. నిద్రలో జరుగు దానికి బిడ్డ బాధ్యుడు కాడు. పడుకొనబోవు ముందు ఒకసారి మూత్రమునకు తీసికొనిపోవుట మాత్రమే మనము చేయదగిన పని.

ఇపుడు గ్రామములలోను డైపర్ల వాడుక హెచ్చుచున్నది. ప్రయాణములందు అవి ఉపయోగపడును. కాని దినమంతయు కట్టియుంచినచో తడిసిన సంగతి బిడ్డకు తెలియదు. తెలియనిదే నేర్పు రాదు. వాడిన డైపరును మరుగుదొడ్డిలో వేసినచో గొట్టము మూసికొనిపోవును. కాలువలో పారవైచినచో నీరు చెడును. దానిని కాగితములో చుట్టి విడిగా ఇచ్చినచో పంచాయతీ పారిశుధ్య కార్మికుడు సురక్షితముగా తీసికొనిపోగలడు.

పెద్దల మరుగుదొడ్డి, బిడ్డ భయము

పాటీ అలవాటైన బిడ్డ కొద్ది నెలలకు మరుగుదొడ్డిలోనికి పోవలెను. ఇక్కడనే అనేక కుటుంబములలో పని నిలిచిపోవుచున్నది. కారణము బిడ్డలో లేదు, కట్టడములో కలదు. తలుపు మూసినచో చీకటి. పళ్లెము పెద్దలకు తగినంత వెడల్పు, బిడ్డ కాలు జారి పడునేమోనను భయము. నీటి తొట్టి ఎత్తున నుండును, చెంబు అందదు. కొన్ని ఇండ్లలో మరుగుదొడ్డి కట్టెలు, పిడకలు, పాత సామానులు దాచు గదిగా మారినది. అట్టి చోటికి బిడ్డ ఎట్లు పోవును?

ఉపాయములు అల్పవ్యయముతో కూడినవే. గోడలో వెలుతురు వచ్చు జాలీ లేక చిన్న దీపము అమర్చవలెను. పళ్లెముపై బిడ్డ పాదములకు తగినట్లు కదలని పలక వేయవలెను, లేక పళ్లెము ప్రక్కన పాటీపై కూర్చుండబెట్టి అందులోనిదానిని పళ్లెములో పోయవలెను. బిడ్డకు అందు ఎత్తున చిన్న చెంబు, సబ్బు ఉంచవలెను. తొట్టిలో నీరు లోతుగా నుండనీయరాదు, పసివారికి అది ప్రాణాపాయము. మొదట తలుపు తెరచి పెద్దవారొకరు ఎదుట నిలువవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

రాజ్యాంగమునకు జరిగిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చినది. అది చేర్చిన పదకొండవ షెడ్యూలులో ఆరోగ్యము, పారిశుధ్యము, త్రాగునీరు, స్త్రీ శిశు అభివృద్ధి పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చేరియున్నవి. 2021-26 కాలమునకు 15వ ఆర్థిక సంఘము గ్రామ స్థానిక సంస్థలకు సిఫారసు చేసిన నిధులలో 60 శాతము త్రాగునీటికిని పారిశుధ్యమునకును ప్రత్యేకింపబడెను. కావున ఈ పనికి అధికారము లేదనుటకు వీలులేదు. చేయదగినవి ఇవి.

మొదటిది, అంగన్‌వాడీ కేంద్రము. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రింద మూడేండ్లు నిండిన పిల్లలు పూర్వప్రాథమిక విద్యకై ఈ కేంద్రమునకు వచ్చుచున్నారు. అలవాటు స్థిరపడుచున్న వయస్సు ఇదియే. ఇంటిలో నేర్చినది కేంద్రములో నిలువవలెనన్నచో అక్కడ పిల్లల కొలతకు తగిన చిన్న పళ్లెముగల మరుగుదొడ్డి, కుళాయి, సబ్బు ఉండవలెను. మరుగుదొడ్డి ఉండి తాళము వేసియున్నను, ఉండి నీరు లేకున్నను, లేనట్లే లెక్క. వార్డు సభ్యుడు నెలకొకసారి పోయి తలుపు తెరచి స్వయముగా చూడవలెను. కాగితముపై చూచుట చాలదు.

రెండవది, అలవాటు ఇంకను కుదరని బిడ్డను కేంద్రమునకు తేవద్దని ఎవరును చెప్పకుండ చూడవలెను. బిడ్డతో కూడ ఒక జత మారు గుడ్డలు పంపుమని తల్లికి చెప్పినచో చాలును. గుడ్డ తడుపును అను నెపమున కేంద్రము మానిన బిడ్డకు గ్రుడ్డు, పాలు, ఆటపాటలు పోవుచున్నవి.

మూడవది, గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార సంఘ సమావేశములో ఈ విషయమును ఒక అంశముగా చేర్చవలెను. ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ కార్యకర్త ముగ్గురును తల్లులకు ఒకే మాట చెప్పునట్లు ఏర్పాటు చేయవలెను. పైన చెప్పిన ఎనిమిది గుర్తులను పెద్ద అక్షరములతో వ్రాసి కేంద్రపు గోడపై పెట్టవచ్చును. ఈ సమావేశమునకు అవ్వలను పిలుచుట మరువరాదు. తల్లి కూలికి పోయిన ఇంటిలో శిక్షకురాలు అవ్వయే గదా! తండ్రులను సైతము పిలువవలెను. బిడ్డను కడుగుట తల్లి వంతే యని ఏ శాస్త్రమును చెప్పలేదు.

నాలుగవది, వాడుకలో లేని మరుగుదొడ్ల లెక్క తీయవలెను. తలుపు విరిగినదా, గొయ్యి నిండినదా, నీరు లేదా, సామాను గదిగా మారినదా యని కారణము వ్రాసికొనవలెను. రెండు గోతుల మరుగుదొడ్డిలో ఒక గొయ్యి నిండగానే రెండవదానికి మార్చవలెను. మూసిన గోతిలోని మలము రెండేండ్లలో మట్టివలె మారి పొలమునకు ఎరువగును. ఈ సంగతి తెలియక, గొయ్యి నిండునను భయముతో పిల్లలను బయటికి పంపు కుటుంబములకు సభ్యులే వివరింపవలెను.

ఐదవది, నులిపురుగుల నివారణ దినములు. 2015లో ఆరంభమైన ఈ కార్యక్రమము క్రింద ఫిబ్రవరి, ఆగస్టు మాసములలో ఒకటి మొదలు పందొమ్మిదేండ్ల వరకు గలవారికి అల్బెండజోల్ మాత్రను ఉచితముగా ఇచ్చుదురు. ఒకటి నుండి రెండేండ్ల లోపువారికి సగము మాత్రను పొడిచేసి నీటితో పట్టవలెను. వార్డులోని ఒక్క బిడ్డయు విడిచిపోకుండ చూచుట సభ్యుని బాధ్యత. అయితే మాత్రవలన కడుపులోని పురుగు పోవును గాని వీధిలోని గ్రుడ్డు పోదు. మరల మరల అంటకుండవలెనన్నచో పైన చెప్పిన అలవాటే శరణ్యము.

మన రాష్ట్రపు పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలకు ప్రత్యేకింపబడియున్నవి. ఈ విషయమున మహిళా సభ్యులు తెలియనివారు కారు. సభలో మాటలాడుటకు సంకోచింపవలసిన పనియు లేదు. మురుగు కాలువనుగూర్చి మాటలాడగల సభ, ఆ కాలువలోనికి వచ్చుచున్నదానినిగూర్చి ఏల మాటలాడరాదు?

వైద్యుని ఎప్పుడు చూడవలెను?

నాలుగేండ్లు నిండినను పగటి అలవాటు కుదరనిచో, ఆరు నెలలు పొడిగా నుండి మరల తడుపుట మొదలైనచో, మూత్రము పోయునపుడు ఏడ్చుచున్నచో, కారణము తెలియని జ్వరము వచ్చుచున్నచో, మలములో రక్తము కనబడినచో, మలము గట్టి ఉండలుగా వచ్చుచున్నచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవలెను. విరేచనములైనచో వెంటనే ఓఆర్‌ఎస్ ద్రావణము కొద్దికొద్దిగా పట్టుచుండవలెను. ఆశా కార్యకర్త ఇచ్చు జింకు మాత్రలను పదునాలుగు దినములు పూర్తిగా వాడవలెను. తల్లిపాలు, ఆహారము మానరాదు. బిడ్డ మగతగా నున్నను, కండ్లు లోతుకు పోయినను, త్రాగలేకున్నను ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలెను.

సభ్యులకు మనవి

ఎప్పుడు మొదలుపెట్టవలెనను ప్రశ్నకు సమాధానము రెండు భాగములుగా నున్నది. బిడ్డ ఎప్పుడు సిద్ధపడునో బిడ్డయే తెలుపును. దానిని గుర్తించుట ఇంటివారి పని. ఆ నాటికి వెలుతురు, నీరు, తగిన పళ్లెము గల చోటు సిద్ధముగా నుంచుట ఇంటివారితోబాటు పంచాయతీ పని. బిడ్డ వచ్చి అడిగిన నాడు తలుపునకు తాళమున్నచో, ఆ బిడ్డ మరల కాలువ గట్టుకే పోవును. ఆ అలవాటును తరువాత మాన్పించుట మరింత కష్టము.

వచ్చు పంచాయతీ సమావేశములో ఒక్క తీర్మానము చేయుడని కోరుచున్నాము. మీ గ్రామములోని అంగన్‌వాడీ కేంద్రములన్నింటిలో పిల్లల మరుగుదొడ్డి తెరచియున్నదా, నీరు వచ్చుచున్నదా, సబ్బు ఉన్నదా యని చూచి, లేని చోట ఎన్నాళ్లలో బాగుచేయుదురో తేదీ వ్రాసికొనుడు. ఆ తేదీనాడు ఇద్దరు సభ్యులు పోయి చూచి రండు. ఇందుకు పెద్ద నిధులు అవసరము లేదు.